అరవై మేకలూ, ఒక తెలివైన చాపా

ఆ విశ్వవిద్యాలయంలో ఎవరిని పిలవాలన్నా ముందు డాక్టర్ అనాలి. ఇంజనీరింగు భవనంలో డాక్టర్లు, కంప్యూటర్ల భవనంలో డాక్టర్లు, రబ్బర్లూ లోహాలూ ఉడికించి చూసే పదార్థ శాస్త్రం భవనంలో డాక్టర్లు, ఆవరణ చివర పశు శాస్త్రంలో సరేసరి. వాళ్లలో ఎవరికైనా జ్వరమొస్తే మాత్రం బస్సెక్కి బయట ఇంకో డాక్టర్ని వెతుక్కోవలసిందే. ఇంతమంది మధ్య ఆ బిరుదు లేనివాడు మేకల కొట్టంలో పనిచేసే ఆయన ఒక్కడే. అందుకే కాబోలు, అందరూ నోరారా "డాక్టరుగారూ" అని పిలిచింది ఆయన్నే. పూర్తి బిరుదు గిట్టల డాక్టరు.

మొదట్లో అది వెటకారమే. తర్వాత వెటకారం అరిగిపోయి పేరు మిగిలింది.

ఆయన చదివింది ఎనిమిదో తరగతి. చేసింది ముప్ఫై ఒక్క ఏళ్లు అదే కొట్టంలో ఉద్యోగం. మేకని చంకలో ఇరికించుకుని, కాలు వెనక్కి మడిచి, ఒంపు తిరిగిన చిన్న కత్తితో గిట్ట చెక్కేవాడు. చెక్కాక ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. కుళ్లు లోపల మొదలైతే పైకి కనపడకముందే వాసన చెబుతుందట. పొద్దున్నే అరవై మేకలూ కొట్టంలోంచి పాలు పితికే గదికి సిమెంటు నడవ మీదుగా వెళ్తుంటే గోడకి ఆనుకుని కళ్లు మూసుకునేవాడు. టకటక టకటక మధ్యలో ఎక్కడో ఒక "టక్" ఆలస్యంగా పడితే, కళ్లు తెరవకుండానే "ముప్ఫై రెండూ, ఎడమ వెనక కాలు" అనేవాడు.

"మేకల కాళ్ల చప్పుడు అంత బాగా వినిపిస్తుంది మీకు. వంటింట్లోంచి నేను పిలిస్తే మాత్రం ఒక్కరోజూ వినిపించదు" అనేది భార్య.

"నువ్వు కుంటవు కదే" అనేవాడు ఆయన.

ఆయనకి ఇంకో అలవాటు కూడా ఉండేది. కాలు బాగోలేని మేకల్ని అన్నిటికన్నా చివర వదిలేవాడు. మేకలకి మర్యాద తక్కువ. నడవ ఇరుకు. వెనకనించి పొడుస్తూ తోస్తూ వస్తాయి. కుంటే మేక మధ్యలో ఉంటే గోడకి నొక్కుకుపోతుంది. చివర వదిలితే దాని పాటికది నింపాదిగా వస్తుంది. ఇందులో శాస్త్రమేమీ లేదు. కాలు నొప్పి పుట్టినవాణ్ని గుంపులోకి తొయ్యకూడదని ఎవరికైనా తెలుస్తుంది. డాక్టర్లకి తెలియడానికి మూడేళ్లు పట్టింది.

ఆ మూడేళ్ల కథకి మూలం ఒక చాప.

నాలుగు శాఖలూ కలిసి పరిశోధన చేస్తేనే పెద్ద ప్రాజెక్టులు వస్తాయని ఒక కాలం వచ్చింది. అప్పటిదాకా ఒకరి క్యాంటీన్‌లో ఒకరు టీ కూడా తాగని నాలుగు శాఖలు రాత్రికి రాత్రే అన్నదమ్ములైపోయాయి. పదార్థ శాస్త్రం వాళ్లు కాలి ఒత్తిడిని పసిగట్టే మెత్తటి నల్ల చాప తయారు చేశారు. ఇంజనీరింగు వాళ్లు దాన్ని కొట్టం నడవలో పరిచి, ఏ మేక వస్తోందో చెవి బిళ్ల చూసి పట్టే ద్వారం కట్టారు. కంప్యూటర్ల వాళ్లు ఆ ఒత్తిడి చూసి కుంటుతున్న మేక ఏదో చెప్పే ప్రోగ్రాం రాయడానికి పూనుకున్నారు. పశు శాస్త్రం వాళ్లు మేకల్ని ఇచ్చారు. మేకలు తమ వంతుగా చాప అంచులు నమిలాయి.

దీనంతటికీ పెద్ద ఇంజనీరింగు ప్రొఫెసరు. అందరూ పెద్దసారు అనేవారు. మొదటి రెండేళ్లలో ఆయన కొట్టంలోకి వచ్చింది రెండుసార్లే, రెండుసార్లూ ఫోటో కోసం. మొదటిసారి ప్యాంటు పైకి మడుచుకుని, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, "ఇక్కడ మనిషి అవసరం లేకుండా చెయ్యడమే మన ధ్యేయం" అన్నారు. అక్కడున్న ఒకే ఒక్క మనిషి ఆయన చెప్పులు పాడవకుండా గడ్డి పరుస్తున్నాడు.

గోడకి ఒక కాగితం అంటించారు. మేకల్ని ఒకటి నించి అరవై దాకా నంబర్ల వరసలో వదలాలి. రోజూ ఒక ఫారం నింపాలి. అందులో "నంబర్ల వరసలో వదిలాను" అన్న వాక్యం ముందు రెండు గళ్లు: అవును, కాదు. మొదటిరోజు డాక్టరు నిజాయితీగా "కాదు" దగ్గర టిక్కు పెట్టి, పక్కన ఖాళీలో "కాలు నొప్పి ఉన్నవాటిని చివర వదిలాను, తోసుకుంటాయని" అని రాశాడు. మర్నాడు ఆ ఫారం తిరిగొచ్చింది. "ఖాళీ స్థలంలో రాయరాదు. అసంపూర్ణం" అని ఎర్ర సిరా. రెండో రోజూ అంతే. మూడోరోజు ఆయన "అవును" దగ్గర టిక్కు పెట్టాడు. ఫారం తిరిగి రాలేదు. అలా ఒక మనిషికి అబద్ధం నేర్పడానికి ఆ విశ్వవిద్యాలయానికి సరిగ్గా రెండు రోజులు పట్టింది.

ఇక ప్రోగ్రాంకి పాఠం చెప్పాలి. ఏ మేక నిజంగా కుంటుతోందో నిపుణుడు వారానికోసారి పరీక్షించి చెబితే, దాన్నిబట్టి ప్రోగ్రాం నేర్చుకుంటుంది. ఆ నిపుణుడు పశు శాస్త్రం ప్రొఫెసరు. ఆయన మంచివాడే గానీ నడుం నొప్పి మనిషి, వంగలేడు. కొట్టం గుమ్మం దగ్గర నించుని, "ఏమయ్యా డాక్టరూ, ఈ వారం ఎవరెవరు?" అనేవాడు.

"పదకొండు, ఇరవై ఆరు, ముప్ఫై రెండు, నలభై, యాభై ఒకటి సార్."

"అంతేనా?"

"తొమ్మిదికి కొంచెం అనుమానం."

"రాసెయ్ అయితే."

ఆ కాగితం మీద నిపుణుడి సంతకం పడేది. ప్రోగ్రాం దాన్ని భక్తిగా చదువుకునేది. రెండేళ్లు తిరిగేసరికి ఫలితం వచ్చింది. నూటికి తొంభై ఏడుసార్లు చాప నిపుణుడితో ఏకీభవిస్తోంది! పెద్ద పత్రికలో వ్యాసం పడింది. పన్నెండుమంది పేర్లు వేశారు. అందులో ఒకాయన ఎవరో కొట్టంలో గానీ కంప్యూటర్ల భవనంలో గానీ ఎవరికీ తెలియదు. డాక్టరు పేరు వెయ్యాలని ఎవరికీ తట్టలేదు. ఆయనకీ తట్టలేదు. వ్యాసం పడ్డందుకు పెట్టిన సభలో పంచిన స్వీటు పొట్లం ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు.

"దేనికండీ ఇది?" అంది భార్య.

"చాప పరీక్ష పాసైంది."

"మనింటి చాపలు ముప్ఫై ఏళ్లుగా పడి ఉన్నాయి. ఒక్కటీ చదువుకోలేదు."

అరవయ్యో నంబరు మేక గురించి ఇక్కడ చెప్పాలి. మందలో అన్నిటికన్నా చిన్నది. పుట్టిననాడే తల్లి పోయింది. డాక్టరు దాన్ని చొక్కాలో పెట్టుకుని, సీసాతో పాలు పట్టి బతికించాడు. పెద్దదయ్యాక దానికి కృతజ్ఞత లాంటి దుర్గుణాలేమీ అబ్బలేదు. గడ్డి వేస్తే ముందు వాసన చూసి మొహం తిప్పుకునేది, తర్వాత పక్కదాని మేత తినేది. నీళ్ల తొట్టి కడగలేదని కాలితో తన్నేది. ఎన్ని చేసినా ఒక వంక పెట్టేది కాబట్టి ఆయన దాన్ని "కోడలా" అని పిలిచేవాడు. ఇంట్లో ఉన్నది ఒక్క కూతురే. "కొడుకు లేకుండానే కోడల్ని తెచ్చుకున్న ఘనుడు మీ నాన్న" అని తల్లి కూతురితో అనేది. నిజానికి రోజూ సాయంత్రం ఆవిడే కూరగాయల తొక్కలు విడిగా మూటగట్టి, "ఇవి మీ కోడలికి. నేనిచ్చానని చెప్పకండి, దానికి పొగరెక్కువ" అనేది.

మూడో ఏడు మధ్యలో డాక్టరు కంట్లో శుక్లం ముదిరింది. ఆపరేషన్ చేశారు. మూడు వారాలు దుమ్ముకీ గడ్డికీ దూరంగా ఉండమన్నారు. ముప్ఫై ఒక్క ఏళ్లలో అదే మొదటి పొడుగు సెలవు. నల్ల కళ్లద్దాలు పెట్టుకుని వరండాలో కూర్చుని, వీధిలో నడిచేవాళ్ల కాళ్లవంక చూస్తూ, "ఎదురింటి ఆవిడకి కుడి మోకాలు పోయింది" అని భార్యకి చెప్పి తిట్లు తిన్నాడు.

ఆ మూడు వారాల్లో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, ఆయన స్థానంలో తోటపని చేసే మనిషిని వేశారు. రెండు, పెద్దసారు కొత్త ఆర్డరు తీశారు. చాప నూటికి తొంభై ఏడు పాళ్లు పాసైంది కాబట్టి ఇక నిపుణుల పరీక్ష రద్దు. నెలలో పది రోజులకి మించి, కుంటుతోందని తెర మీద ఎర్ర దీపం వెలిగిన మేకని నయం కానిదిగా లెక్కకట్టి, ఆ నెల చివరి శుక్రవారం మాంసం బండికి ఎక్కించాలి. మనుషుల పక్షపాతం లేని నిర్ణయం అని ఆర్డరులో రాసి ఉంది.

డాక్టరు సోమవారం కొట్టంలోకి వచ్చేసరికి ఒక మూల చిన్న దొడ్డి కట్టి ఉంది. అందులో ఆరు మేకలు, మెడలకి ఎర్ర పట్టీలు. యాభై అయిదు నించి అరవై దాకా. కోడలు ఆయన్ని చూసి, ఇన్నాళ్లూ ఎక్కడ తిరుగుతున్నావన్నట్టు ఒక అరుపు అరిచి, మొహం తిప్పుకుంది.

ఆయన దొడ్డిలో కూర్చుని ఆరు మేకల ఇరవై నాలుగు కాళ్లూ చూశాడు. వాసన చూశాడు. నడిపించి విన్నాడు. నిక్షేపంగా ఉన్నాయి. లేచి మిగతా మందలోకి వెళ్తే, మూడో నంబరు మేక మూడు కాళ్ల మీద నించుని ఉంది. నాలుగో కాలు నేలకి ఆనించలేకపోతోంది. గిట్ట మధ్య కుళ్లు పట్టి వారం దాటినట్టుంది. దాని నంబరు పక్కన తెర మీద పచ్చ దీపం చక్కగా వెలుగుతోంది.

తోట మనిషి బుట్ట పట్టుకుని వచ్చాడు.

"ఏం నాయనా, ఎలా వదిలావు వీటిని రోజూ?"

"ఎలా ఏముంది, గోడ మీద రాసుందిగా. ఒకటి, రెండు, మూడు... అరవై. ఒక్కరోజు తప్పలేదు. కావాలంటే ఫారాలు చూసుకో."

"నిజంగానే నంబర్ల వరసలో వదిలావా?"

"మరి అబద్ధం టిక్కు పెడతానా అన్నా? నాకు పిల్లలున్నారు."

డాక్టరు గోడకి ఆనుకున్నాడు. మూడేళ్లలో మొట్టమొదటిసారి ఒకడు నియమం పాటించాడు. దాంతో యంత్రానికి మతిపోయింది.

ఎందుకు పోయిందో ఆయనకి తెలియదు. తెలియగల మనిషి ఒకతే ఉంది. ప్రోగ్రాం రాసిన పరిశోధక విద్యార్థిని. పొట్టి జుట్టు, చేతిలో ఎప్పుడూ ల్యాప్‌టాప్. మొదట్లో మేకలంటే బల్ల ఎక్కేది. తర్వాత కోడలు ఆమె నోట్సు పుస్తకంలో సగం తినేశాక ఇద్దరికీ చనువు ఏర్పడింది. వచ్చే నెలలో ఆమె థీసిస్ ఇవ్వాలి. ఆ థీసిస్ అంతా ఆ తొంభై ఏడు శాతమే.

"బాబాయ్, కన్ను ఎలా ఉంది?"

"కన్ను బాగానే ఉంది తల్లీ. చాపకే చూపు పోయినట్టుంది." ఆయన మూడో నంబరు కాలు ఎత్తి చూపించాడు. ఆమె ముక్కు మూసుకుంది.

"దీనికి పచ్చ దీపమా?"

"చివర నడిచిన ఆరింటికీ ఎరుపు. అవి ఏవైనా సరే. నేనున్నప్పుడూ చివరవాటికే ఎరుపు. కాకపోతే..." అని ఆగాడు. "నేను కుంటేవాటిని చివర వదిలేవాణ్ని."

"నంబర్ల వరసలో అని కదా ఫారం?"

"ఫారం అలాగే అనేది."

ఆ అమ్మాయి గడ్డి మోపు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. గంటన్నర సేపు లేవలేదు. మధ్యలో ఒకసారి వెళ్లి చాపని అరచేత్తో నొక్కి, చెయ్యి తీసి, గుంట పూడే దాకా చూస్తూ నించుంది. పూడటానికి చాలాసేపు పట్టింది.

"అలిసిపోతోంది బాబాయ్" అంది చివరికి.

"ఎవరు?"

"చాప. ఒక్కొక్క మేకా తొక్కినకొద్దీ కొంచెం కొంచెం నొక్కుకుపోతోంది. మళ్లీ పొంగడానికి గంటలు పడుతుంది. మొదటి మేకకి ఒక లెక్క చెబుతుంది, అరవయ్యో మేకకి ఇంకో లెక్క. నా ప్రోగ్రాం కుంటడం నేర్చుకోలేదు. చాప అలసట నేర్చుకుంది. అలిసిన చాప మీద వచ్చినవన్నీ కుంటివి అనుకుంది. నువ్వేమో కుంటివాటినే అలిసిన చాప మీదకి పంపావు."

"మరి రబ్బరు సార్లకి తెలియదా, అది అంతసేపు పొంగదని?"

ఆమె ఏదో వెతికి, చదివి, నవ్వో ఏడుపో తెలియని మొహం పెట్టింది. "తెలుసు. వాళ్ల వ్యాసంలో తొమ్మిదో పేజీలో రాశారు. ఒక్కో అడుగుకీ మధ్య పది నిమిషాలు విశ్రాంతి ఇవ్వాలని. మేం ఆ వ్యాసం చదవలేదు."

"వాళ్లు మీది చదివారా?"

"ఇందులో ఎవరి వ్యాసం ఎవరు చదివారు బాబాయ్!"

ఆయన కాసేపు ఆలోచించాడు. నిపుణుడికి పేర్లు చెప్పిందీ తనే, మేకల్ని వరసపెట్టిందీ తనే. మూడేళ్లుగా తనతో తనే తొంభై ఏడు శాతం ఏకీభవించాడన్నమాట. మిగిలిన మూడు శాతం, ఏదో ఒక పెంకి మేక వరస తప్పించుకుని ముందుకు దూరిన రోజులై ఉంటాయి.

"శుక్రవారం బండి వస్తుంది" అన్నాడు.

ఆ అమ్మాయి తల దించుకుంది. "పెద్దసారుతో చెప్పి చూడు. ముందు నువ్వు చెప్పు."

పెద్దసారు గదిలో ఏసీ చల్లగా ఉంది. ఆయన విన్నారు. పూర్తిగా విన్నారు, అది ఆయన గొప్పతనం. విన్నాక పెన్ను మూత పెట్టి, "చూడవయ్యా, గురువారం ప్రాజెక్టు కమిటీ వస్తోంది. ఇంకో మూడేళ్లు పొడిగిస్తారా లేదా అన్నది ఆ రోజు తేలుతుంది. ఆ తర్వాత మాట్లాడుకుందాం" అన్నారు.

"శుక్రవారం బండి సార్."

"ఆరు మేకలే కదా?"

"కాళ్లు బాగున్న మేకలు సార్."

"నువ్వు రోజూ సంతకం చేసిన ఫారాలున్నాయి. అవి అబద్ధమని నువ్వే అంటున్నావు. పరిశోధన రికార్డుల్లో తప్పుడు నమోదంటే ఏమవుతుందో తెలుసా? నీకు రిటైర్మెంట్ ఎప్పుడు?"

"రెండేళ్లకి సార్."

"ప్రశాంతంగా ఇంటికెళ్లు" అన్నారు పెద్దసారు, చాలా దయగా.

సాయంత్రం ఆ అమ్మాయి కొట్టం వెనక ఆయన్ని పట్టుకుంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"బాబాయ్, ఒక్క మాట. అరవయ్యో నంబరు లెక్క నేను మార్చగలను. పద్దెనిమిది ఎర్రదీపాలు. పన్నెండు తీసేస్తే ఆరే మిగుల్తాయి. జాబితాలోంచి తప్పిపోతుంది. ఎవరికీ తెలియదు. నా థీసిస్ గట్టెక్కుతుంది, నీ ఉద్యోగం ఉంటుంది, నీ కోడలు ఉంటుంది."

ఆయన ఇంటికి వెళ్లి అన్నం కలుపుకుని అలాగే కూర్చున్నాడు.

"కంట్లో మందు వేసుకున్నారా?" అంది భార్య.

"వేసుకున్నా."

"అబద్ధం. సీసా ఇక్కడే ఉంది. ఏమైందో చెప్పండి."

చెప్పాడు. ఆవిడ మొత్తం విని, కంచం ముందుకు జరిపి, "ఆ పిల్ల మంచి మాటే చెప్పింది కదా. మారుస్తానంటే మార్చనివ్వండి" అంది. మంచినీళ్లు పోస్తూ, "మిగతా ఐదూ ఏవి?" అని అడిగింది.

"యాభై అయిదు నించి యాభై తొమ్మిది."

"యాభై ఏడు చూలుతో ఉందన్నారు కదూ?"

"ఊఁ."

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కణ్నించి గిన్నెల చప్పుడు మామూలుకంటే ఎక్కువ వినిపించింది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి, "ఇంత వయసొచ్చాక మీకు నేను చెప్పాలా! వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పి రండి. ఉద్యోగం పోతే పోనీండి. ఇంట్లో మీరుంటే ఇంకొకరి కాళ్లు చూస్తారు, అంతేగా" అంది.

మర్నాడు పొద్దున్నే ఆయన ఆ అమ్మాయితో, "లెక్క మార్చకు తల్లీ. ఒకదాని పేరు కొట్టేస్తే మిగతా ఐదింటి మీదా మనం సంతకం పెట్టినట్టే" అన్నాడు.

"నా థీసిస్ పోతుంది" అంది ఆమె.

"తెలుసు. అందుకే నిన్నేమీ చెయ్యమనడం లేదు. గురువారం తెర మీద ఏది కనిపిస్తే అది కనిపించనీ. అడ్డం రాకు, అంతే."

గురువారం పది గంటలకి కమిటీ వచ్చింది. నలుగురు. అందులో ముగ్గురు బూట్లకి ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్నారు. నాలుగో ఆమె లావుపాటి పెద్దావిడ, పాత చెప్పులతోనే గడ్డిలోకి నడిచింది. పెద్దసారు చేతులు తిప్పుతూ ఇంజనీరింగు, గణన, పదార్థాలు, పశువులు అన్నీ ఒకే వేదిక మీద ఎలా కలిశాయో చెప్పారు. ఆ వేదిక అంచు నమిలేసి ఉంది. ఎర్ర పట్టీల మేకల వైపు చూపించి, "కంటికి ఆరోగ్యంగా కనిపిస్తాయి, చూడండి. యంత్రం మాత్రం మోసపోలేదు" అన్నారు. తర్వాత డాక్టరుకి సైగ చేశారు. ఒకటి నించి మొదలుపెట్టమని.

డాక్టరు చిన్న దొడ్డి తలుపు తీసి, కోడల్ని బయటికి పిలిచాడు. అది రానంది. జేబులోంచి క్యారెట్ ముక్క చూపిస్తే అప్పుడు వచ్చింది. చాప మీద దర్జాగా నడిచింది. తెర మీద "60" అని పడింది. పచ్చ దీపం.

పెద్దసారు మొహంలో రంగు మారింది. "వరస... వరస తప్పింది" అన్నారు.

"మిగతావి వస్తున్నాయి సార్" అన్నాడు డాక్టరు. మిగతా మేకల్ని తోచినట్టు వదిలాడు. మూడో నంబరుని మాత్రం వదల్లేదు. దాని కాలికి కట్టు ఉంది. ఇరవై నిమిషాలు పట్టింది. అన్నీ అయ్యాక, కోడలికి ఇంకో క్యారెట్ ముక్క చూపించి, తిప్పి తెచ్చి, మళ్లీ చాప మీదకి వదిలాడు. అదే దర్జా. "60". ఎర్ర దీపం.

పెద్దావిడే ముందుకొచ్చింది.

"ఇది మొదట వచ్చింది కదూ?"

"పోలికలండీ. మేకలన్నీ ఒకేలా..." అన్నారు పెద్దసారు.

"మేకలకి పోలికలుండొచ్చు. అరవై అన్న అంకెకి పోలికేమిటి? అరగంటలో కుంటిదైపోయిందా ఇది?" ఆవిడ డాక్టరు వైపు తిరిగింది. "ఏమయ్యా, నువ్వు చెప్పు."

ఆయన కోడలి మెడ పట్టీ పట్టుకుని చెప్పాడు. "తప్పు నాదేనమ్మా. కుంటేవాటిని నేను చివర వదిలాను. నంబర్ల వరసలో వదిలానని మూడేళ్లు టిక్కు పెట్టాను. చాప ఎంత నొక్కుకుపోతే మేక అంత కుంటుతోందని ఆ యంత్రం నేర్చుకుంది. పాపం దాని తప్పేం లేదు, పాఠం చెప్పినవాణ్ని నేనే. ఈ ఆరు మేకల కాళ్లూ బాగున్నాయి. రేపు బండి ఎక్కించకండి."

పెద్దావిడ ఆ అమ్మాయి వంక చూసింది. ఆ అమ్మాయి తెర మీద ఒక గీత చూపించింది. ఒకటో మేక నించి చివరి మేక దాకా మెట్లెక్కినట్టు ఎక్కుతూ పోయింది. "నిజమే మేడమ్. నా తొంభై ఏడు శాతం ఇదే" అంది.

ఇక్కడ పెద్దసారు గురించి గౌరవంగా చెప్పుకోవాలి. తక్కువ మనిషైతే కూలబడేవాడు. ఆయన ఒక్క దగ్గు దగ్గి, "సరిగ్గా ఇదే మా రెండో దశ" అన్నారు. "చాప అలసట మీదా, మానవ కారకం ప్రభావం మీదా లోతైన అధ్యయనం అవసరమని ఇప్పుడు మీ కళ్ల ముందే నిరూపించాం." బూట్ల తొడుగుల ముగ్గురూ తలలూపారు. పొడిగింపు వచ్చింది. మూడేళ్లు కాదు, నాలుగేళ్లు. పెద్దావిడ మాత్రం మినిట్స్‌లో ఒక వాక్యం రాయించి వెళ్లింది: చాప సంగతి తేలేదాకా దాని మాట మీద ఒక్క మేకనీ బయటికి పంపరాదు.

శుక్రవారం బండి వచ్చింది. డ్రైవరు కాగితాలు తిరగేసి, ఖాళీగా పోతే ఊరుకోరని గొణిగి, ఆరు బస్తాల పెంట ఎరువు ఎక్కించుకుని వెళ్లాడు. కోడలు దొడ్డి కంచె మీద ముందుకాళ్లు పెట్టి అతని భుజం మీది తువ్వాలు లాగి నమిలింది. డాక్టరు పక్కనే ఉండి కూడా వద్దనలేదు.

సోమవారం మెమో వచ్చింది. తొమ్మిది వందల పైచిలుకు తప్పుడు నమోదులకి సంజాయిషీ ఇవ్వాలి. కన్ను ఇంకా పూర్తిగా కుదుటపడలేదు కాబట్టి ఆయన చెబుతుంటే కూతురు రాసింది. "అయ్యా, కాలు నొప్పిగా ఉన్న మేకని గుంపులోకి తొయ్యకూడదని చేశాను. మళ్లీ చెయ్యమన్నా అలాగే చేస్తాను. టిక్కు విషయంలో మాత్రం క్షమించగలరు." కూతురు "మళ్లీ చెయ్యమన్నా" అన్న వాక్యం తీసేద్దామంది. తియ్యనివ్వలేదు. విచారణ జరిగింది. సుదీర్ఘ సేవ దృష్ట్యా తొలగించకుండా, ఇంజనీరింగు భవనం కింది అంతస్తులో సామాను గదికి బదిలీ చేశారు. మేకల కొట్టంలోకి ఆయన అడుగుపెట్టరాదు.

మేకలు ఉండిపోయాయి. ఆయన వచ్చేశాడు.

ఆ అమ్మాయి థీసిస్ ఏడాది వెనక్కి పడింది. కొత్తగా రాసింది. యంత్రాన్ని నిజానికి ఏ మనిషి నడిపాడో చెప్పే ఒక అధ్యాయం అందులో ఉంది. ఆయన పేరు రాస్తే గైడు కొట్టేసి, "శిక్షణ పొందిన పరిశీలకుడు" అని పెట్టించాడు. "ఎవరమ్మా నాకు శిక్షణిచ్చింది?" అని ఆయన ఆమెని చాలాకాలం ఏడిపించాడు.

సామాను గదిలో మరలూ, వాషర్లూ, కాలం చెల్లిన మోటార్లూ ఉండేవి. దేనికీ కాళ్లు లేవు. ఆయన వాటిని సైజులవారీగా డబ్బాల్లో సర్దాడు. నెల తిరక్కుండానే పశు శాస్త్రం ప్రొఫెసరు నడుం పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు.

"డాక్టరూ, ఏడు మేకలు కుంటుతున్నాయి. ఎనిమిదో, ఆరో. ఏవో తెలియడం లేదు."

"నేను రాకూడదు సార్. ఆర్డరుంది."

"ఉద్యోగిగా రాకూడదు. బయటి నిపుణుడిగా రావచ్చు. దానికి వేరే ఫారం ఉంది."

అలా ఆయనకి బుధవారం బుధవారం సందర్శకుడి బిళ్ల ఇచ్చారు. ముప్ఫై ఒక్క ఏళ్లు తాళం తీసిన గుమ్మం దగ్గర నించుని, రిజిస్టరులో పేరు, వచ్చిన వేళ, పని రాసి, మెడలో బిళ్ల వేసుకుని లోపలికి వెళ్లేవాడు. రిటైరయ్యాక కూడా వెళ్లాడు, అప్పుడది నిజంగానే బయటి నిపుణుడైంది. భార్య కట్టిన తొక్కల మూట సంచిలో ఉండేది. కోడలు అది తిని, ఆయన చొక్కా గుండీ కూడా తినడానికి చూసేది.

ఆయన బతికిన చివరి సంవత్సరం ఇంటి మెట్లు దిగడం కూడా కష్టమై కొట్టానికి వెళ్లడం మానేశాడు. యాభై ఏడుకి పుట్టిన కవల పిల్లలు పెద్దవయ్యాయనీ, మూడో నంబరు బాగా నడుస్తోందనీ ఆ అమ్మాయి ఫోన్ చేసి చెబుతుండేది. అప్పటికి ఆమె కూడా డాక్టరే. చాప రెండో దశ పూర్తయి మూడో దశలోకి వచ్చింది.

కోడలు ఆయనకంటే రెండేళ్లు ఎక్కువ బతికింది. ఏ రోజూ కుంటలేదు.